సాయంత్రమయ్యేసరికి ఇంట్లో కంప్యూటర్ హ్యాంగ్ అయిపోతోంది, మదర్‌బోర్డు మార్చక తప్పదా?

ప్రశ్న: అంబాజీపేట దగ్గరి పల్లె నుంచి

అందరికీ నమస్కారమండీ. మాది కోనసీమలో అంబాజీపేటకు దగ్గర్లోని పల్లె. కొబ్బరి వ్యాపారం లెక్కలన్నీ ఇంట్లో ఉన్న డెస్క్‌టాప్ కంప్యూటర్‌లోనే రాస్తుంటాను. ఏ తోటలో ఎన్ని కాయలు దింపించాం, దింపు కూలీ, వలుపు కూలీ ఎంతైంది, ఏ లోడు ఏ ధరకు వెళ్లింది, ఎవరి దగ్గర ఎంత బాకీ ఉంది అన్నవన్నీ ఎక్సెల్ ఫైళ్లలో, సంవత్సరానికొక ఫోల్డర్ చొప్పున ఉన్నాయి. ఇంటెల్ ఐ3 నాలుగో తరం ప్రాసెసర్, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. పిల్లల చదువుకు కూడా ఇదే కంప్యూటర్ వాడతాం.

కొంతకాలంగా ఇది పని మధ్యలో ఆగిపోతోంది. మొదట ఒక కిటికీ తెల్లబడి, పైన ‘నాట్ రెస్పాండింగ్’ అని వస్తుంది. బాణం గుర్తు కాసేపు కదులుతుంది కానీ ఎక్కడ నొక్కినా ఫలితం ఉండదు. కొన్నిసార్లు దానంతటదే తేరుకుంటుంది, కొన్నిసార్లు బాణం కూడా నిలిచిపోయి, పవర్ బటన్ గట్టిగా నొక్కిపట్టి ఆపేయాల్సి వస్తుంది. ఆ సమయంలో క్యాబినెట్ ముందున్న ఎర్ర లైటు ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది. ఎక్కువగా సాయంత్రం పూటే ఇలా జరుగుతోంది. మా వీధిలో సాయంత్రం వోల్టేజి బాగా పడిపోతుంది కూడా.

టౌనులో ఒక షాపుకు తీసుకెళ్తే వైరస్ అన్నారు, సీ డ్రైవ్ ఫార్మాట్ చేసి విండోస్ మళ్లీ వేసి ఇచ్చారు. కొద్ది రోజులు చక్కగా నడిచి మళ్లీ మొదటికొచ్చింది. రెండోసారి చూపిస్తే మదర్‌బోర్డు పోయిందని, ఈ పాతదానికి బోర్డు దొరకదు కాబట్టి కొత్త కంప్యూటరే కొనుక్కోమని చెప్పారు. నిజంగా బోర్డే పోతే కొనక తప్పదు, కానీ ఏ భాగం పాడైందో ఇంట్లోనే తేల్చుకునే మార్గం ఏదైనా ఉంటే దయచేసి చెప్పండి. డీ డ్రైవ్‌లో ఉన్న లెక్కలు పోతే మాత్రం చాలా ఇబ్బంది పడతాను. వాటిలో కొన్నింటికి ఇంకెక్కడా కాపీ లేదు.


సమాధానం: భీమవరం నుంచి, కంప్యూటర్ సర్వీసింగ్ వృత్తి

నమస్కారమండీ. మీరు లక్షణాలను ఇంత వివరంగా రాయడం వల్ల పని చాలా సులువైంది. పరీక్షల సంగతి తర్వాత చూద్దాం, ముందు ఈ పని చేయండి. ఇది చదివిన వెంటనే, కంప్యూటర్ బాగా నడుస్తున్న సమయంలో, డీ డ్రైవ్‌లోని లెక్కల ఫోల్డర్లను పెన్‌డ్రైవ్‌లోకి గానీ బయటి హార్డ్ డిస్క్‌లోకి గానీ కాపీ చేసుకోండి. డ్రైవ్ మొత్తాన్ని ఒకేసారి లాగకుండా, అత్యవసరమైనదాన్ని ముందుగా, ఒక్కొక్క ఫోల్డరే తీయండి. ఏదైనా ఫైలు దగ్గర కాపీ నిలిచిపోతే దాన్ని పట్టుకుని మళ్లీ మళ్లీ ప్రయత్నించకుండా వదిలేసి, దాని పేరు కాగితం మీద రాసుకుని, తర్వాతి దానికి వెళ్లండి. ఎందుకు ఇంత తొందరపెడుతున్నానంటే, మీరు చెప్పినవన్నీ కలిపి చూస్తే నాకు బోర్డు మీద కన్నా హార్డ్ డిస్క్ మీదే ఎక్కువ అనుమానంగా ఉంది.

కారణం చెబుతాను. కంప్యూటర్ ఆగిపోయినప్పుడు ఏది ఆగింది, ఏది ఇంకా బతికి ఉంది అన్నది చూడాలి. ఈసారి హ్యాంగ్ అయినప్పుడు కీబోర్డు మీద నమ్ లాక్ నొక్కి, దాని లైటు వెలిగి ఆరుతోందేమో గమనించండి. లైటు స్పందిస్తుంటే, బాణం కదులుతుంటే, ప్రాసెసరూ ర్యామూ బోర్డూ పనిచేస్తూనే ఉన్నాయని, విండోస్ దేనికోసమో ఎదురుచూస్తోందని అర్థం. దేనికోసం అన్నది క్యాబినెట్ మీది ఎర్ర లైటు చెబుతుంది, అది డిస్క్ పని చేస్తున్నప్పుడు వెలిగే లైటు. మామూలుగా అది మినుకుమినుకుమంటూ ఉండాలి. ఆరకుండా వెలుగుతోందంటే అడిగిన సమాచారాన్ని డిస్క్ ఇవ్వలేక పదే పదే ప్రయత్నిస్తోందన్నమాట. ఇంట్లో వాడే డెస్క్‌టాప్ హార్డ్ డిస్కులు చదవలేని సెక్టార్ (డిస్క్ మీద సమాచారం ఉండే చిన్న గడి) ఎదురైతే వెంటనే చేతులెత్తేయవు, అదే చోటును చాలా సెకన్ల పాటు మళ్లీ మళ్లీ చదవడానికి చూస్తాయి. ఆ లోపల దాని వెనక వరుసలో ఉన్న పనులన్నీ ఆగిపోతాయి. సీ, డీ అని మనకు రెండుగా కనిపించినా లోపల ఉన్న డిస్క్ ఒక్కటే కాబట్టి, డీలో ఒక ఫైలు దగ్గర చిక్కుకుంటే విండోస్ మొత్తం చిక్కుకుంటుంది. అలా కాకుండా నమ్ లాక్ లైటు కూడా చచ్చిపడి, పాట వింటుంటే ఒకే ముక్క గీరుకుంటూ మోగుతూ ఉంటే, అప్పుడు ర్యామ్, పవర్ సప్లై, బోర్డు, గ్రాఫిక్స్ డ్రైవర్ వైపు చూడాలి.

ఫార్మాట్ తర్వాత కొద్ది రోజులు బాగా నడవడం కూడా డిస్క్ అనుమానాన్నే బలపరుస్తోంది. షాపుల్లో చేసేది సాధారణంగా క్విక్ ఫార్మాట్, అది డిస్క్ ఉపరితలాన్నంతా పరీక్షించదు. అయితే విండోస్‌ను మళ్లీ వేసినప్పుడు సీ డ్రైవ్‌లో చాలా సెక్టార్ల మీద కొత్తగా రాస్తారు. చదవడానికి మొరాయించిన సెక్టార్ మీద కొత్తగా రాయబోతే, డిస్క్ ఆ రాతను సరిచూసుకుని, అది నిలవకపోతే ఆ చోటును వదిలేసి తన దగ్గర ఉన్న అదనపు సెక్టార్ వాడుకుంటుంది. అందువల్ల సీ వరకు జబ్బు కొన్నాళ్లు కనబడదు. డీ డ్రైవ్‌ను ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి అక్కడివి అలాగే ఉండిపోయాయి. మీ పాత సంవత్సరాల ఫోల్డర్లు ఉన్నది అక్కడే కదండీ. సాయంత్రం అన్నది వోల్టేజి వల్ల కాకపోవచ్చు, పగలు పని ముగిసి పాత లెక్కలు తెరిచేది మీరు సాయంత్రమే అయి ఉండవచ్చు. ఒకరోజు ఉదయం పూటే ఆ ఫోల్డర్లు తెరిచి చూడండి, అయితే కాపీ పూర్తయ్యాకే సుమా.

కాపీ అయ్యాక క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి తెరవండి. పైన నీలం రంగులో ‘గుడ్’ అని ఉందా, పసుపు రంగులో ‘కాషన్’ అని ఉందా చూసి, కింద వరుసల్లో 05, సీ5, సీ6, సీ7 అన్న నాలుగింటి చివరి గడిలోని అంకెలు రాసి పంపండి. 05 అంటే ఇప్పటికే మార్చేసిన సెక్టార్లు, సీ5 అంటే చదవలేక పెండింగ్‌లో పెట్టినవి, సీ6 అంటే చివరకు చదవడం కుదరదని తేలినవి. సీ7 మాత్రం డిస్క్‌కూ బోర్డుకూ మధ్య సమాచారం చెడిపోతోందని చెబుతుంది, అది పెరుగుతుంటే ముందు ఆ రెండింటినీ కలిపే సాటా కేబుల్ మార్చాలి. ఆ కేబుల్ ఖరీదు చాలా తక్కువ. ఒక జాగ్రత్త ఏమిటంటే ఆ గడిలో అంకెలు పదహారు ఆధారంగా ఉంటాయి, 10 అని కనిపిస్తే అది పదహారు అని లెక్క. సెట్టింగుల్లో రా వాల్యూస్ అన్నచోట మామూలు దశాంశ అంకెలకు మార్చుకోవచ్చు.

డిస్క్‌లో తప్పులు వెతికి సరిచేసే విండోస్ ప్రోగ్రాం చెక్‌డిస్క్‌ను మాత్రం ఇప్పుడు నడపకండి. బ్యాడ్ సెక్టార్లు వెతికే ‘ఆర్’ ఆప్షన్‌తో దాన్ని నడపమని చాలామంది సలహా ఇస్తారు. బాగున్న డిస్క్‌కు అది మంచిదే. పోయే దశలో ఉన్న డిస్క్‌ను గంటల తరబడి మూలమూలలా చదివించడం మూలిగే నక్క మీద తాటిపండు పడేసినట్టే అవుతుంది. పైగా అది దెబ్బతిన్న ఫైళ్లను సరిచేసే పేరుతో ముక్కలు చేసే ప్రమాదం కూడా ఉంది. సమాచారం భద్రంగా బయటికి వచ్చాకే దాని గురించి ఆలోచించాలి.


సమాధానం: రామచంద్రపురం నుంచి, కళాశాల కంప్యూటర్ ల్యాబ్ బాధ్యతలు

పై సమాధానంతో ఏకీభవిస్తూనే, డిస్క్ పాడవకుండానే ఇవే లక్షణాలు వచ్చే మరో సందర్భం ఉందని చెప్పాలనుకుంటున్నాను, ఎందుకంటే మీ ర్యామ్ 4 జీబీయే. విండోస్ 10 మీద క్రోమ్‌లో నాలుగైదు ట్యాబులు, ఒక ఎక్సెల్, పిల్లల వీడియో పాఠం ఒకేసారి తెరిస్తే ర్యామ్ నిండిపోతుంది. చోటు చాలని భాగాన్ని విండోస్ హార్డ్ డిస్క్ మీదికి దింపి, కావలసినప్పుడు మళ్లీ ఎక్కించుకుంటుంది. తిరిగే డిస్క్ మీద ఈ ఎక్కడం దిగడం ఎంత నెమ్మదిగా ఉంటుందంటే, చూసేవారికి కంప్యూటర్ ఆగిపోయినట్టే ఉంటుంది. డిస్క్ లైటు కూడా అలాగే నిలకడగా వెలుగుతుంది.

ఈ రెండింటినీ వేరుచేయడం కష్టం కాదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌ను ముందుగానే తెరిచి ఉంచుకోండి, ఎందుకంటే హ్యాంగ్ అయ్యాక అది తెరుచుకోదు. పర్‌ఫార్మెన్స్ పేజీలో మెమరీ దాదాపు నిండిపోయి, డిస్క్ 100 శాతంలో ఉండి, సెకనుకు కొన్ని ఎంబీలైనా కదులుతూనే ఉంటే అది ర్యామ్ చాలకపోవడం. మెమరీలో చోటు ఉండగానే డిస్క్ 100 శాతం చూపిస్తూ, చదివే వేగం మాత్రం సున్నాకో కొద్ది కేబీలకో పడిపోయి, యావరేజ్ రెస్పాన్స్ టైమ్ అన్నచోట వేల మిల్లీసెకన్లు కనిపిస్తే, డిస్క్ జవాబివ్వలేకపోతోందని తేలిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న హార్డ్ డిస్క్‌లో తేలికపాటి పనికి ఆ సంఖ్య పదుల్లోనే ఉంటుంది.

విండోస్ తనంతట తాను రాసుకునే చిట్టా కూడా చూడండి. స్టార్ట్‌లో ఈవెంట్ వ్యూయర్ అని వెతికి తెరిచి, విండోస్ లాగ్స్ కింద సిస్టమ్ అన్నదానిలోకి వెళ్లండి. ‘డిస్క్’ అనే పేరుతో 7 నంబరు ఎర్రర్లు ఉంటే బ్యాడ్ బ్లాక్ అని, 153 నంబరు హెచ్చరికలు ఉంటే చదివే పనిని మళ్లీ ప్రయత్నించాల్సి వచ్చిందని అర్థం. కెర్నెల్ పవర్ 41 అన్నది చూసి చాలామంది కంగారుపడి పవర్ సప్లై మార్చేస్తుంటారు. అది కేవలం కంప్యూటర్ సరిగా షట్‌డౌన్ కాకుండా ఆగిందని మాత్రమే చెబుతుంది. మీరు బటన్ నొక్కిపట్టి ఆపిన ప్రతిసారీ ఆ 41 నమోదవుతుంది, కాబట్టి దాన్ని కారణంగా తీసుకోకండి.

డిస్క్ నిర్దోషి అని తేలితేనే ర్యామ్ వైపు వెళ్లండి. మన డెల్టాలో, ముఖ్యంగా సముద్రానికి దగ్గరైన ఊళ్లలో, గాలిలో తేమ ఎక్కువ. వర్షాకాలం అయ్యేసరికి ర్యామ్ అంచున ఉండే బంగారు రంగు కాంటాక్టులు, స్లాటు లోపలి పిన్నులు మసకబారి మొరాయించడం మా ల్యాబులో ఏటా చూస్తుంటాం. ప్లగ్ పూర్తిగా తీసేసి, పవర్ బటన్ కాసేపు నొక్కిపట్టి వదిలి, క్యాబినెట్ లోపలి ఇనుప భాగాన్ని చేత్తో తాకాక ర్యామ్ తీయండి. ఆ కాంటాక్టులను మెత్తని తెల్ల రబ్బరుతో తేలిగ్గా రుద్ది, రబ్బరు పొడి లేకుండా పొడి గుడ్డతో తుడిచి, మరో స్లాటులో బిగించండి. తర్వాత ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్ నుంచి నడిపించి రాత్రంతా వదిలేయండి. అందులో ఎర్ర గీత ఒక్కటి కనిపించినా ఆ ర్యామ్‌ను నమ్మకూడదు.

వేడి సంగతి కూడా ఒక మాట. ప్రాసెసర్ మీది ఫ్యాను రెక్కల కింద దుమ్ము పేరుకుంటే వేడెక్కుతుంది నిజమే, కానీ ఇంటెల్ ప్రాసెసర్లు వేడి హద్దు దాటబోతే ముందు వేగం తగ్గించుకుంటాయి, అప్పటికీ తగ్గకపోతే ఒక్కసారిగా ఆఫ్ అయిపోతాయి. తెర అలాగే నిలిచిపోయి, డిస్క్ లైటు వెలుగుతూ ఉండటం వేడి లక్షణంలా లేదు.


సమాధానం: పాలకొల్లు నుంచి, ఎలక్ట్రికల్, ఇన్వర్టర్ పనులు

సాయంత్రం వోల్టేజి పడిపోతుందని మీరే రాశారు కాబట్టి దాన్ని తేలిగ్గా తీసేయవద్దని నా మనవి. డిస్క్ పాడైందే అనుకుందాం, అది ఎందుకు పాడైందన్నది కూడా తెలుసుకోకపోతే కొత్తగా పెట్టేదానికీ అదే గతి పడుతుంది. 230 వోల్టులు ఉండవలసిన చోట 170, 180కి దిగితే మంచి ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ లోపలి పవర్ సప్లై) తట్టుకుంటుంది. క్యాబినెట్‌తో పాటు వచ్చే చవక ఎస్‌ఎంపీఎస్‌లు తట్టుకోలేవు. హార్డ్ డిస్క్‌లో పళ్లెం తిప్పే మోటారు 12 వోల్టుల మీద నడుస్తుంది. ఆ 12 వోల్టులు బాగా కుంగితే డిస్క్ తిరుగుడు తగ్గి, టక్కుమని శబ్దం చేసి, మళ్లీ మొదటి నుంచి వేగం అందుకుంటుంది. మీరు చెవి పెట్టి విన్నప్పుడు అలాంటి టక్కు వినిపిస్తే నాకు చెప్పండి.

మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని వెనక గానీ ముందు గానీ ఒక చిన్న స్విచ్ ఉంటుంది, ఒకవైపు యూపీఎస్ అని, రెండోవైపు నార్మల్ అనో ఎకో అనో రాసి ఉంటుంది. నార్మల్‌లో ఉంటే కరెంటు సుమారు 100 వోల్టులకు దిగేదాకా చాలా ఇన్వర్టర్లు బ్యాటరీకి మారవు, ఆ తక్కువ వోల్టేజినే ఇంట్లోకి పంపుతాయి. ఫ్యాన్లకూ లైట్లకూ అది ఫరవాలేదు. యూపీఎస్ వైపు పెడితే దాదాపు 180 కిందికి దిగగానే బ్యాటరీకి మారుతుంది, మారే వేగం కూడా ఎక్కువ. కంప్యూటర్ ఉన్న ఇంట్లో ఆ స్విచ్ యూపీఎస్ వైపే ఉండాలి. అయితే రోజూ సాయంత్రం వోల్టేజి పడే చోట బ్యాటరీ తరచూ వాడకంలోకి వచ్చి త్వరగా అరుగుతుంది. అందుకే ఇన్వర్టర్ సంగతి అలా ఉంచి, కంప్యూటర్‌కు విడిగా 600 వీఏ యూపీఎస్ పెట్టుకోవడం నా ఉద్దేశంలో మేలైన పని.

ఇంకొక విషయం ఎర్తు. కోనసీమలో నేల ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది కాబట్టి ఎర్తు బాగా దొరుకుతుంది, కానీ ఆ చెమ్మకూ ఉప్పుగాలికీ ఎర్తు రాడ్డు మీద వైరు బిగించిన క్లాంపు తుప్పుపట్టి తెగిపోయి ఉంటుంది, పైకి మాత్రం అన్నీ ఉన్నట్టే కనిపిస్తాయి. క్యాబినెట్ ఇనుము తాకితే చిన్నగా జిలజిలలాడుతుంటే అది ఎర్తు లేదనడానికి గుర్తు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి సాకెట్టులో న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య వోల్టేజి కొలిపించండి. అది ఒకటి రెండు వోల్టుల్లో ఉంటే మంచిది. పదుల్లో చూపిస్తే ఎర్తు గానీ, స్తంభం దగ్గర న్యూట్రల్ గానీ వదులైందన్నమాట. ఈ కొలత మీరు స్వయంగా చేయవద్దు.


ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలండీ. చెప్పిన వరుసలోనే చేశాను. ఈ సంవత్సరం లెక్కలు, బాకీల ఫైళ్లు, పిల్లల సర్టిఫికెట్ల స్కాన్లు ఏ ఇబ్బందీ లేకుండా పెన్‌డ్రైవ్‌లోకి వచ్చాయి. నిరుటి ఫోల్డర్ సగం దాకా వచ్చి, వలుపు కూలీ ఫైలు దగ్గర నిలిచిపోయింది. ఎర్ర లైటు అప్పుడే వెలిగి ఆరలేదు. నమ్ లాక్ నొక్కితే దాని లైటు చక్కగా వెలిగి ఆరింది. టాస్క్ మేనేజర్‌లో మెమరీ ఇంకా మూడో వంతు ఖాళీగానే ఉంది, డిస్క్ మాత్రం 100 శాతం, చదివే వేగం సున్నా.

ఉదయం పూట, వోల్టేజి నిండుగా ఉన్నప్పుడు నిరుటి ఫోల్డర్ తెరిచినా అలాగే ఆగింది. సాయంత్రం ఆ ఫోల్డర్ జోలికి వెళ్లకుండా పని చేసుకుంటే ఆగలేదు. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో పసుపు రంగులో కాషన్ చూపిస్తోంది. 05 దగ్గర 8, సీ5 దగ్గర 216, సీ6 దగ్గర కూడా 216, సీ7 దగ్గర సున్నా ఉన్నాయి, ఇవి దశాంశంలోకి మార్చాక రాసినవి. ఈవెంట్ వ్యూయర్‌లో డిస్క్ 7 ఎర్రర్లు పేజీ నిండా ఉన్నాయి. టక్కుమనే శబ్దం వినిపించలేదు. ఇన్వర్టర్ స్విచ్ నార్మల్‌లో ఉంటే యూపీఎస్ వైపు మార్చాను.

ఇక మిగిలింది ఆ నిరుటి ఫైళ్లు. వలుపు కూలీ ఫైలు, దాని తర్వాత ఉన్న రెండు మూడు ఫైళ్లు రావడం లేదు. వాటిని బయటికి తీసే దారి ఉందా? డిస్క్ మార్చితే ఈ కంప్యూటర్ ఇంకొంతకాలం పనికొస్తుందా?


సమాధానం: భీమవరం నుంచి, కంప్యూటర్ సర్వీసింగ్ వృత్తి

మీరు పంపిన అంకెలతో విషయం తేలిపోయిందండీ. సీ7 సున్నా అంటే కేబుల్ తప్పు లేదు, సీ5, సీ6 రెండూ 216 అంటే డిస్క్ ఉపరితలమే దెబ్బతింది. మదర్‌బోర్డుకు దీనితో సంబంధం ఉన్నట్టు ఏ ఆధారమూ లేదు. ఈ డిస్క్‌ను ఇక రోజువారీ పనికి వాడకండి. ఆ ఫైళ్లు రావాలంటే ఇది ఎంత తక్కువ సేపు తిరిగితే అంత మంచిది, కాబట్టి ఇప్పుడే ఆపేయండి.

విండోస్‌లో ఫైలు కాపీ చేసే పద్ధతిలో ఒక్క సెక్టార్ రాకపోయినా ఆ ఫైలు మొత్తం రాదు. అందుకే డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాం వాడతాం. అది ముందు సులువుగా వచ్చే భాగాలన్నింటినీ తీసేసుకుని, కష్టమైన చోట్లను ఒక పటంలో గుర్తుపెట్టుకుని, చివర్లో మాత్రమే వాటి దగ్గరికి తిరిగి వెళ్తుంది. మధ్యలో కరెంటు పోయినా ఆ పటం ఫైలు ఉంటే ఆగిన చోటి నుంచే మొదలుపెట్టవచ్చు. సిస్టమ్‌రెస్క్యూ అనే లినక్స్‌ను (విండోస్ లాంటి మరో ఆపరేటింగ్ సిస్టమ్) వేరే కంప్యూటర్ మీద పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దానితో మీ కంప్యూటర్‌ను బూట్ చేస్తే డీడీరెస్క్యూ అందులోనే ఉంటుంది. డీ భాగాన్ని మాత్రమే ఒక ఇమేజ్ ఫైలుగా, అంటే ఉన్నదున్నట్టు తీసిన నకలుగా, పటం ఫైలుతో సహా, బయటి హార్డ్ డిస్క్‌లోకి తీయండి. ఇమేజ్ ఆ భాగం మొత్తం పరిమాణమంత ఉంటుంది కాబట్టి బయటి డిస్క్‌లో అంతకన్నా ఎక్కువ ఖాళీ ఉండాలి. మొదటి విడత కష్టమైన చోట్లను గీకకుండా వదిలేసే ‘ఎన్’ ఆప్షన్‌తో నడిపి, అది పూర్తయ్యాక రెండో విడతలో మిగిలినవాటిని కొద్దిసార్లు ప్రయత్నించమనండి.

ఇక్కడ ఒక్కచోట మాత్రం ఊపిరి బిగబట్టి పని చేయాలి. ఆజ్ఞలో ముందు రాసేది చదవవలసిన చోటు, తర్వాత రాసేది నింపవలసిన చోటు. ఆ రెండూ తారుమారైతే మీ లెక్కల మీద వేరే డిస్క్‌లోని సమాచారం పడిపోతుంది, ఇక ఎవరూ తేలేరు. లినక్స్ డిస్కులకు పెట్టే ‘ఎస్‌డీఏ’, ‘ఎస్‌డీబీ’ పేర్లను నమ్మకుండా, ‘ఎల్‌ఎస్‌బీఎల్‌కే’ ఆజ్ఞతో డిస్కుల పరిమాణాలు చూసి, ఏది 500 జీబీదో, ఏది బయటిదో నిర్ధారించుకున్నాకే ఎంటర్ నొక్కండి. ఈ పని మీద చేయి తిరగలేదనిపిస్తే మొహమాటపడకుండా తెలిసినవారి చేత చేయించండి. పని అప్పగించేటప్పుడు ‘ముందు డిస్క్ ఇమేజ్ తీయండి, అసలు డిస్క్ మీద చెక్‌డిస్క్ గానీ ఫార్మాట్ గానీ చేయవద్దు’ అని స్పష్టంగా చెప్పండి. డిస్క్‌ను ఫ్రిజ్‌లో పెట్టి తీయమని ఎవరైనా చెబితే వినకండి. మన తేమలో అలా చేస్తే లోపల నీరు పట్టి, మిగిలింది కూడా పోతుంది.

ఇమేజ్ వచ్చాక దాన్ని చదవడానికి మాత్రమే అన్నట్టుగా తెరిచి ఫైళ్లు కాపీ చేసుకోండి. ఎక్సెల్ ఫైలు తెరుచుకోకపోతే, ఎక్సెల్‌లోనే ఓపెన్ కిటికీలో తెరిచే బటన్ పక్కనున్న బాణం నొక్కితే ఓపెన్ అండ్ రిపేర్ అని ఉంటుంది, దాన్ని ప్రయత్నించండి. ఫైలు మధ్యలో ఒకటి రెండు సెక్టార్లే పోయి ఉంటే చాలా వరకు వరుసలు తిరిగి వస్తాయి. ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ ఫైలు లోపల జిప్ రూపంలో ఉంటుంది కాబట్టి, అన్నిసార్లూ వస్తుందని మాత్రం హామీ ఇవ్వలేను.

కంప్యూటర్ సంగతికొస్తే, పాత డిస్క్ బదులు 240 లేదా 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని డిస్క్) ఒకటి, మరో 4 జీబీ డీడీఆర్3 ర్యామ్ వేస్తే మీ పనికి ఇది హాయిగా సరిపోతుంది. నాలుగో తరం ఐ3 ఎక్సెల్ లెక్కలకు తక్కువేమీ కాదు. బోర్డులో ర్యామ్ స్లాటు ఖాళీ ఉందో లేదో మాత్రం ముందు చూసుకోండి.


సమాధానం: రామచంద్రపురం నుంచి, కళాశాల కంప్యూటర్ ల్యాబ్ బాధ్యతలు

ఎస్‌ఎస్‌డీ వేసేటప్పుడు ఏ సిస్టమ్ వేయాలన్నది కూడా ఇప్పుడే నిర్ణయించుకోండి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, పొడిగించిన భద్రతా అప్‌డేట్లకు నమోదు చేసుకున్నవారికి మాత్రం 2026 అక్టోబరు 13 వరకు గడువు ఇచ్చింది. విండోస్ 11 అధికారికంగా ఎనిమిదో తరం ఇంటెల్ ప్రాసెసర్ల నుంచే నడుస్తుంది, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కూడా అడుగుతుంది, కాబట్టి మీ నాలుగో తరానికి అది వర్తించదు. దొడ్డిదారిన వేసేవారున్నారు కానీ లెక్కలు రాసుకునే కంప్యూటర్‌కు నేనైతే ఆ సలహా ఇవ్వను. లినక్స్ మింట్ గానీ ఉబుంటు గానీ వేసుకుంటే లిబ్రేఆఫీస్‌లో మీ ఎక్సెల్ ఫైళ్లు తెరుచుకుంటాయి, తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు కూడా అందులోనే ఉంటుంది. ముందు పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూసుకోండి, ప్రింటర్ పనిచేస్తోందో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది.


ప్రశ్న అడిగినవారు

ఇమేజ్ తీసే పనిని అమలాపురంలో తెలిసినవారి ద్వారా చేయించాను, డిస్కుల పరిమాణాలు ఇద్దరం కలిసి సరిచూసుకున్నాం. మొదటి విడతలోనే డీ భాగంలో చాలా కొద్ది మేర తప్ప అంతా వచ్చేసింది. రెండో విడతకు రాత్రంతా పట్టింది. వలుపు కూలీ ఫైలు రిపేరు చేస్తే తెరుచుకుంది, రెండు నెలల వరుసలు మాత్రం ఖాళీగా వచ్చాయి. కూలీలకు డబ్బిచ్చినప్పుడు సంతకాలు పెట్టించుకున్న పుస్తకం ఇంట్లోనే ఉంది కాబట్టి అందులో చూసి ఎక్కిస్తున్నాను. బాకీల ఫైళ్లన్నీ క్షేమంగా ఉన్నాయి, నాకు అదే పెద్ద నిశ్చింత.

ఎస్‌ఎస్‌డీ వేయించాను. లినక్స్ మింట్ పెన్‌డ్రైవ్ నుంచి నడిపితే ప్రింటర్ వెంటనే పనిచేసింది, కాబట్టి అదే వేసుకున్నాం. నిరుటి ఫోల్డర్ ఇప్పుడు సాయంత్రం, వోల్టేజి తక్కువగా ఉన్నప్పుడు తెరిచినా ఎక్కడా ఆగడం లేదు. ర్యామ్ రెండో స్లాటు ఖాళీగానే ఉంది, అది తర్వాత చూస్తాను.

పాలకొల్లు నుంచి రాసిన పెద్దలకు ఒక మాట. మీరు చెప్పినట్టు క్యాబినెట్ వెనక చేయి పెడితే జిలజిలలాడుతోంది, ఇంతకాలం దాన్ని పట్టించుకోలేదు. దొడ్లో ఎర్తు రాడ్డు దగ్గర తవ్వి చూస్తే క్లాంపు చేతిలో పొడిగా రాలిపోయింది. ఎలక్ట్రీషియన్ ఈ వారంలో వస్తానన్నారు. కొత్త క్లాంపు బిగించాక న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య ఎంత వచ్చిందో కొలిపించి ఇక్కడ రాస్తాను. అప్పటిదాకా నీళ్ల మోటారు నడిచే వేళల్లో కంప్యూటర్ ఆన్ చేయకుండా ఉంటే చాలా, ఇంకేమైనా జాగ్రత్త తీసుకోవాలా అన్నది చెప్పగలరు.


సమాధానం: పాలకొల్లు నుంచి, ఎలక్ట్రికల్, ఇన్వర్టర్ పనులు

మోటారు వేళలు చూసుకోవడం చాలదండీ. ఎర్తు లేనంత కాలం ఆ క్యాబినెట్‌ను పిల్లలు తడి చేతులతో గానీ, చెప్పులు లేకుండా తడి గచ్చు మీద నిలబడి గానీ తాకకుండా చూడండి. పెన్‌డ్రైవ్ గుచ్చేటప్పుడు కూడా క్యాబినెట్ ఇనుము తగులుతుంది కాబట్టి, క్లాంపు బిగించేదాకా అవసరం లేనప్పుడు ప్లగ్ తీసేసి ఉంచడమే మంచిది. అదే ఎర్తు మీ ఫ్రిజ్‌కూ, గ్రైండర్‌కూ కూడా వెళ్తుంది కదా, వాటి విషయంలోనూ ఇదే జాగ్రత్త. క్లాంపు బిగించే చోట రాడ్డును ఉప్పుకాగితంతో మెరిసేదాకా రుద్దించండి, లేకపోతే కొత్త క్లాంపు కూడా తుప్పు మీదే కూర్చుంటుంది. ఇంటి మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) లేకపోతే, ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడే అది కూడా పెట్టించండి.